ఘాట్‌లో మిగిల్చిన డీజిల్

నేను లారీలు బాగుచేసే మనిషిని. వనపర్తిలో ఒక సేటు లారీ షెడ్డులో మెకానిక్‌గా చేరి, అక్కడే ఫోర్‌మన్‌నై, అక్కడే పని చాలించాను. ఊరు ఖిల్లా ఘణపూర్ పక్కన, నాలుగెకరాల మెట్ట. వానలు పడితే పంట, లేకపోతే షెడ్డు జీతం. ఉద్యోగంలో ఎట్లా ఎదిగానో, ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టానో మీకు అక్కర్లేదు. డీజిల్ బండ్ల పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు అసలు పని ఏమిటో చెబుదామని కూర్చున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది ఖాజామియా అనే డ్రైవర్ గురించి కూడా. మా షెడ్డులో అందరికంటే తక్కువ డీజిల్‌తో బండి నడిపినవాడు అతనే. అందుకు అతన్ని పదిమందిలో మెచ్చుకున్నవాణ్ని నేను. ఆ మెప్పు కోసం అతను చేసిన పనివల్ల అతని బావమరిది చనిపోయాడు. తప్పంతా ఖాజాదేనని అందరూ అన్నారు, అతని ఇంట్లోవాళ్లు కూడా. అందులో నా వాటా ఎంతో నేను నలుగురిలో ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు.

దర్జీ తెచ్చిన తెల్లగుడ్డ

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. అప్పటికి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలు కావు, అంతా పాలమూరే. సేటుకు ఇరవై రెండు లారీలు ఉండేవి. గద్వాల నుంచి పత్తిగింజలు, పల్లికాయ. వనపర్తి మిల్లుల నుంచి బియ్యం. నాగర్‌కర్నూల్ నుంచి మక్కజొన్నలో బియ్యమో ఎత్తుకుని నల్లమల దాటి మార్కాపురం వైపు. బండ్లన్నీ పాత రకం, ఇప్పటిలాగా కంప్యూటర్ చెప్పే ఇంజన్లు కావు. పొగ చూసి, చప్పుడు విని రోగం పట్టాలి.

పొద్దున్నే షెడ్డులో ఇంజన్లన్నీ ఒకేసారి స్టార్ట్ చేసేవారు. బండి కదలడానికి కాదు. ఈ లారీల బ్రేకులు గాలితో పనిచేస్తాయి. రాత్రంతా పైపుల్లోంచి ఆ గాలి కారిపోతుంది. మళ్లీ నిండాలంటే ఇంజన్ తిరుగుతుండాలి. డ్రైవర్లు తాళం తిప్పేసి చాయ్‌కి పోయేవారు. వాళ్లు వచ్చేదాకా అరగంట సేపు బండ్లు ఉత్తగా నల్లపొగ కక్కుతుండేవి. ఆ పొగ గోడ దాటి వెనక ఇళ్ల మీద పడేది.

ఆ గోడ వెనక యాదగిరి అనే దర్జీ ఉండేవాడు. ఒకరోజు పొద్దున తెల్లటి గుడ్డ చేతిలో పట్టుకుని వచ్చాడు. పెళ్లికొడుక్కి కుడుతున్న లాల్చీ అది. దాని నిండా ఆవగింజల్లాంటి నల్ల చుక్కలు. తుడిస్తే పోవు, గీతలు పడతాయి. వాళ్లమ్మకు దమ్ము, అదే ఉబ్బసం, ఉందని, పొద్దున పూట తలుపులు మూసుకుని కూర్చుంటున్నామని చెప్పాడు. అంతకుముందు రెండుసార్లు సేటు దగ్గరికి వెళ్లాడట. సేటు చాయ్ తాగించి పంపించాడు. చాయ్ తాగించి పంపడంలో మా సేటును మించినవాడు పాలమూరులో లేడు.

నేను ఆ గుడ్డ తీసుకుని సేటు ముందు పరిచాను. దర్జీ గురించి గానీ వాళ్లమ్మ దమ్ము గురించి గానీ ఎత్తలేదు. ఈ నలుపంతా మీ డీజిలే, కాలకుండా గోడ దాటుతోంది అన్నాను. సేటు కుర్చీలోంచి లేచాడు. అప్పటిదాకా ఆయనకు పొగ అంటే వాసన మాత్రమే.

వారం రోజులు సబ్బునీళ్ల బకెట్ పట్టుకుని బండి కిందా పైనా తిరిగాను. గాలి పైపుల అతుకుల మీద నురగ రాస్తే, ఎక్కడ కారుతుందో అక్కడ బుడగలు లేస్తాయి. బుడగ లేచిన ప్రతి చోటా వాషర్ మార్చాను, వాల్వులు విప్పి కడిగాను. నెల తిరిగేసరికి చాలా బండ్లలో తెల్లారేదాకా గాలి నిలిచింది. స్టార్ట్ చేసిన కాసేపటికే గేటు దాటేవి. పొగ తగ్గింది, డీజిల్ తగ్గింది. యాదగిరి నాకు ఒక బనియన్ కుట్టి ఇచ్చాడు.

దీనితో నేను ఒక పాఠం నేర్చుకున్నాను. యజమానులకు ఊపిరితిత్తుల భాష రాదు, లీటర్ల భాష వస్తుంది. ఏ మంచిపని చేయించాలన్నా లీటర్లలో చెప్పాలి. ఆ రోజుల్లో దీన్ని గొప్ప తెలివి అనుకున్నాను. తర్వాత తర్వాత లీటర్లు తప్ప ఇంకో భాష నాకూ రాకుండా పోయింది.

డీజిల్ ఎక్కడ పోతుంది

మీరు షెడ్డులో చేరిన రోజే డీజిల్ తగ్గించమని చెబుతారు. బండి తాగాల్సింది అది తాగుతుంది, గుడ్డి గుర్రమైనా దాణా తప్పదు. మన పని అది పారబోయకుండా చూడడం.

మా వైపు దుమ్ము ఎక్కువ. ఎర్రదుమ్ము, పైగా గద్వాల లోడ్లకు పత్తి నూగు. గాలి ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్‌కు ఊపిరాడదు. ఊపిరాడని ఇంజన్ డీజిల్‌ను కాల్చలేక నల్లగా కక్కుతుంది. డ్రైవర్లు ఫిల్టర్ తీసి టైరుకేసి నాలుగు బాది మళ్లీ పెట్టేవారు. బాదితే దుమ్ము పోదు, కాగితం చిరుగుతుంది. చిరిగిన దారిలో దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

టైర్లలో గాలి తగ్గినా డీజిల్ పోతుంది. క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు వల్లా పోతుంది. ఒకాయన రేషన్ నీలి కిరోసిన్ కలిపితే చౌక అన్నాడు. కలిపారు. మూడు బండ్లలో ఇంజన్‌కు డీజిల్ అందించే పంపులు అరిగిపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అన్నిటికన్నా ఎక్కువ డీజిల్ తాగేది ఓవర్‌లోడ్. ఇది పుట్టుగుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఒకసారి సేటుతో అన్నాను, బండికి రాసిన బరువే ఎత్తితే నేను చేసే పనులన్నిటికంటే ఎక్కువ మిగులుతుందని. ఆయన నవ్వి, లోడు సంగతి తనకు వదిలెయ్యమన్నాడు. రోడ్లు బాగుచేయడం నా చేతిలో లేదు. కొత్త బండ్లు కొనడం నా చేతిలో లేదు. పైపులు, ఫిల్టర్లు, పంపులు అయిపోయాక ఇక పిండడానికి ఒకటే మిగిలింది, డ్రైవర్ కాలు. పైనుంచి అడుగుతూనే ఉన్నారు. నేను ఆ కాలు మీద పడ్డాను.

గేటు పక్కన బోర్డు

ఆ ఆలోచన నాదే. సేటు చెప్పలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. షెడ్డు గేటు పక్కన బడిలో ఉండే నల్లబోర్డు ఒకటి పెట్టించి, ప్రతి నెలా ఏ బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో సుద్దతో రాశాను. అందరికంటే ఎక్కువ వచ్చినవాడి పేరు పైన, తక్కువ వచ్చినవాడిది కింద. కిందివాడిని ఎవరూ ఏమీ అనక్కర్లేదు. పొద్దున వచ్చేటప్పుడూ సాయంత్రం పోయేటప్పుడూ తన పేరు తనే చూసుకుంటాడు.

మా షెడ్డులో దసరా ఆయుధపూజ పెద్ద పండుగ. బండ్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేస్తాం. మొదటి కొబ్బరికాయ అంతకుముందు సేటు సొంత కారుకు కొట్టేవారు. బోర్డు పెట్టాక నేనే చెప్పి మార్పించాను, ఆ ఏడు పైన నిలిచిన లారీకి మొదటి కాయ అని. మామూలు డ్రైవర్‌కు అది ఎంత గౌరవమో బయటివాళ్లకు అర్థం కాదు. పదిమందీ చూస్తుండగా సేటు ఆ డ్రైవర్ బండి ముందు నిలబడి కాయ కొడతాడు.

వరసగా రెండేళ్లు ఆ కాయ ఖాజామియా బండికి కొట్టాం. తిమ్మాజిపేట మనిషి, అప్పటికి నలభై దాటాయి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మాట తక్కువ. బండి మీద గీత పడనిచ్చేవాడు కాదు. క్లీనర్‌గా సొంత బావమరిది జహంగీర్‌నే పెట్టుకున్నాడు. అతనికీ ముప్పై అయిదేళ్లుంటాయి, పెళ్లయి పిల్లలున్నవాడు. దసరా నాడు ఇద్దరూ కొత్త బట్టలు వేసుకుని వచ్చేవారు. కాయ కొట్టగానే ఖాజా వచ్చి ముందు నాకు చెయ్యి కలిపేవాడు, తర్వాతే సేటుకు.

బోర్డు కింద ఎప్పుడూ ఉండే పేరు సాయిలుది. ముసలి డ్రైవర్. దిగుడు వచ్చిందంటే చాలు, ఎక్కేటప్పుడు ఏ గేర్ వేశాడో దిగేటప్పుడూ అదే వేసి నత్తలాగా దిగేవాడు. పెళ్లికూతుర్ని తీసుకొస్తున్నావా అని వెక్కిరించేవాళ్లం. నేను కూడా. ఒకసారి అందరి ముందూ, ఖాజా దగ్గర నేర్చుకోవయ్యా అన్నాను. సాయిలు తల ఊపి వెళ్లిపోయాడు. ఆ ఏడాదే పని మానేశాడు, కళ్లు కనబడటం లేదని చెప్పి.

బీచుపల్లి దిగుడు

ఒక ఎండాకాలం గద్వాలలో ఖాజా బండి క్లచ్ జారుతోందంటే వెళ్లి సరిచేసి, తిరిగి వచ్చేటప్పుడు అదే బండిలో కూర్చున్నాను. పల్లికాయ లోడు. జహంగీర్ వెనక బస్తాల మీద పడుకున్నాడు. కృష్ణ మీద బీచుపల్లి బ్రిడ్జికి ముందు రోడ్డు కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. ఖాజా గేర్ తీసి న్యూట్రల్ చేశాడు. తర్వాత ఇంజన్ ఆపే తాడు కూడా లాగేశాడు. చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది. టార్పాలిన్ గాలికి కొట్టుకోవడం, టైర్ల రొద మాత్రమే వినబడుతున్నాయి. అంత బరువు దానంతటదే దొర్లుకుంటూ పోతోంది.

“సూడుండ్రి సాబ్. సుక్క డీజిల్ తాగుతలేదు” అన్నాడు. పిల్లవాడు పలక చూపించినట్టు నా వైపు చూశాడు.

ఇంజన్ ఆగితే బ్రేకులకు గాలి నిండదని నాకు తెలుసు. న్యూట్రల్‌లో దిగే బండికి బ్రేకు తప్ప ఇంకో ఆధారం లేదనీ తెలుసు. కానీ ఆ దిగుడు చిన్నది. ముందు రోడ్డు ఖాళీగా ఉంది. పైగా ఆ నెల బోర్డు మీద అంకె చూసి సేటు నన్ను మెచ్చుకుని రెండు రోజులు కూడా కాలేదు. తెలిసినదాంట్లో పైకి చెప్పింది ఒక్క ముక్కే. బ్రేకులు పైలం ఖాజా, చూసుకో అన్నాను.

“బ్రేకులు మీ చేతివే కద సాబ్. నాకేం ఫికర్” అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు తీపిగా అనిపించింది. ఇప్పటికీ చెవిలో ఉంది, కానీ తీపి పోయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఖాజా బండి బ్రేకు లైనింగులు మిగతా బండ్లకంటే తొందరగా అరిగిపోయేవి. అందరికీ ఒకసారి మారిస్తే అతనికి రెండుసార్లు. లైనింగులు ఒరుసుకునే చక్రాల డ్రమ్ములు విప్పితే లోపల నీలం రంగు తిరిగి ఉండేవి, అంటే అంత వేడెక్కాయన్నమాట. విప్పింది నేనే, చేత్తో పట్టుకుని చూసింది నేనే. డీజిల్ మిగిల్చే బండి బ్రేకులు తింటోందంటే దిగుడులన్నీ ఎట్లా దిగుతోందో మొదటి ఏడాది మెకానిక్‌కు కూడా అర్థమవుతుంది. నేను లోడు ఎక్కువ అని రాసుకుని కొత్త లైనింగులు బిగించాను. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. అంకె బాగుందని సంబరపడేముందు ఆ అంకె ఎట్లా వచ్చిందని ఆ మనిషినే కూర్చోబెట్టి అడగండి. చెడ్డ అంకె వచ్చినవాణ్ని అందరం అడుగుతాం. మంచి అంకె వచ్చినవాణ్ని ఎవరమూ అడగం.

ఆ పొద్దు

రెండో దసరా అయిన కొన్ని నెలలకు ఖాజా నాగర్‌కర్నూల్‌లో బియ్యం ఎత్తుకుని మార్కాపురం బయలుదేరాడు. నల్లమల రోడ్డు. దోమలపెంట దాటాక కృష్ణ దాకా మలుపులు మలుపులుగా దిగుతుంది. పొద్దున పదకొండు గంటలకు నాకు ఫోన్ వచ్చింది. నేను జీపులో వెళ్లేసరికి ఖాజాను దవాఖానకు తీసుకుపోయారు. జహంగీర్‌ను ఇంకా బయటికి తీస్తున్నారు.

జరిగింది తర్వాత ఖాజాయే దవాఖానలో చెప్పాడు. ఘాట్ రోడ్డు మొదట్లోనే న్యూట్రల్ చేశాడు. ఇంజన్ మాత్రం ఆపలేదు, ఘాట్‌లో ఆపకూడదని తెలుసు. మొదటి మలుపులో బ్రేకు బాగానే పట్టింది. రెండోదానికి పెడల్ లోపలికి పోయింది. మూడోదానికి కాలిన వాసన వచ్చింది. అప్పుడు గేర్ వేయాలని చూశాడు. ఆ వేగంలో గేర్ పడదు, పళ్లు అరిచి వెనక్కి తంతాయి. ఎదురుగా యాత్రికుల బస్సు పైకి ఎక్కుతోంది. బస్సును తప్పించడానికి బండిని ఎడమకు, కొండ వైపుకు తిప్పాడు. ఎడమ పక్క సీటు జహంగీర్‌ది.

బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు. జహంగీర్ అక్కడికక్కడే పోయాడు. ఖాజాకు మోకాలి కింద ఎడమ కాలు తీసేశారు.

నేను కొండవారన బండి కిందికి దూరి చూశాను. గేర్ న్యూట్రల్‌లోనే ఉంది. గాలి పైపులు తెగలేదు. లైనింగులు కాలి గాజులాగా నున్నగా అయ్యాయి. అంతకుముందు నెల నేను బిగించినవే అవి, పనిలో లోపం లేదు. తప్పు నాది కాదని తెలిసి మొదట నాకు కలిగింది ఊరట. పక్కన రోడ్డు మీద ఒక మనిషిని బట్ట కప్పి పడుకోబెట్టారు, నేను బండి కింద ఊరటపడుతున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయకుండా ముందుకు పోలేను.

అడిగినదానికే జవాబు

ప్రమాదం మీద విచారణకు నన్ను పిలుస్తారని తెలిసి సేటు ముందురోజు తన గదిలో కూర్చోబెట్టాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. జహంగీర్ ఇంటికి వెళ్లాడు, మట్టి చెయ్యడానికి దగ్గరుండి సాయం చేశాడు, కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. కానీ ఆయనకు ఇరవై ఒక్క లారీలు ఇంకా రోడ్డు మీద ఉన్నాయి.

“బాలకిష్టయ్యా, అబద్ధం చెప్పకు. అడిగినదానికి చెప్పు. అడగనిదానికి నోరు తెరవకు” అన్నాడు.

నన్ను అడిగింది రెండే. బండి బ్రేకులు బాగున్నాయా? బాగున్నాయి. మరి ప్రమాదం ఎందుకు జరిగింది? డ్రైవర్ ఘాట్‌లో న్యూట్రల్‌లో దించాడు. రెండూ నిజాలే. రాసి సంతకం పెట్టాను. షెడ్డులో బోర్డు ఉందా అని ఎవరూ అడగలేదు. ఈ డ్రైవర్ అట్లా దించుతాడని మీకు ముందే తెలుసా అని ఎవరూ అడగలేదు. ఓవర్‌లోడ్ మాట మాత్రం ఒకాయన ఎత్తాడు, అది ఆ గదిలోనే ఆగిపోయింది. నిజాలు మాత్రమే చెప్పి కూడా ఒక మనిషిని ముంచవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

ఖాజా ఏ అబద్ధమూ ఆడలేదు. తప్పు నాదే అని తనంతట తనే చెప్పాడు. ఫోర్‌మన్ పక్కన కూర్చుని చూశాడని ఒక్క మాట అన్నా నా ఉద్యోగం ఉండేది కాదు. అనలేదు. కేసు కొన్నేళ్లు నడిచింది. లైసెన్సు పోయింది. కాలు లేనివాడికి లైసెన్సు ఎందుకు అని షెడ్డులో ఒకడు అన్నాడు, నేను విని ఊరుకున్నాను.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. జహంగీర్ ఖాజా భార్య రహమత్‌బీకి తమ్ముడు, చంకన ఎత్తుకుని పెంచిన తమ్ముడు. తమ్ముణ్ని మొగుడు చంపాడని ఆమె పుట్టింటివాళ్లు తీర్మానించుకున్నారు. వాళ్లమ్మ చనిపోయేదాకా కూతురి గడప తొక్కలేదట. జహంగీర్ భార్య పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది. ఖాజాకు డబ్బు పిచ్చి పట్టిందని, డీజిల్ దొంగిలించి అమ్ముకోవడానికే అట్లా దించేవాడని కూడా ఊళ్లో పుట్టించారు. మా షెడ్డులో ఒక్క చుక్క ముట్టనివాడు అతను. అది తెలిసినవాణ్ని నేను. తిమ్మాజిపేట వెళ్లి నలుగురిలో నిలబడి, ఇతన్ని ఆ పనికి ఎగదోసింది మేమే అని చెబితే, రహమత్‌బీ ఇంట్లో కొంత బరువు దిగేది. బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నర నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

బోర్డు నేనే తీసేశాను. కొత్త డ్రైవర్ చేరితే మొదటిరోజే, ఎక్కిన గేర్‌లోనే దిగాలని చెప్పేవాణ్ని. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. ఈ మాట చెప్పినంత మాత్రాన నాకు శాంతి దొరికిందని అనుకోకండి. నేను చెప్పినప్పుడల్లా వాళ్ల ముందు ఒక రోడ్డు ఉండేది, నా ముందు ఇంకో రోడ్డు.

తిమ్మాజిపేటలో

పని మానేసిన ఏడాదికి వెళ్లాను. ఖాజా ఇంటి అరుగు మీద చిన్న కొట్టు పెట్టుకున్నాడు. సైకిల్ పంచర్లు వేస్తాడు, స్టవ్వులు బాగుచేస్తాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి లేవబోయాడు. నేను భుజం పట్టి కూర్చోబెట్టాను. రహమత్‌బీ లోపల నుంచి చాయ్ తెచ్చి నా ముందు పెట్టి, గడప దగ్గర కూర్చుని పల్లికాయ ఒలవసాగింది.

చాలాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం. షెడ్డులో ఎవరెవరు ఉన్నారని అడిగాడు. సాయిలు చనిపోయాడని చెబితే నాలుక చప్పరించి, మంచిగ నడిపేటోడు అన్నాడు. నేను చెప్పదలుచుకున్నది దారి పొడవునా కూడబలుక్కుని వచ్చాను. విచారణలో నేను ఏమి రాశానో, ఏమి రాయలేదో రహమత్‌బీ ముందే చెప్పాలని. ఆ మాటకు బదులు చాయ్ సగం తాగాను. ఇంతలో అతనే అడిగాడు. ఎన్నాళ్లనుంచి మనసులో పెట్టుకున్నాడో ఏమో.

“సాబ్, ఒక్కటి అడుగుత. ఘాట్ మొత్తం న్యూట్రల్‌ల దిగితె ఎంత డీజిల్ మిగులుతది?”

నాకు అర్థమైంది. ఎంతకోసం జహంగీర్ పోయాడో లెక్క తెలుసుకోవాలని ఉంది. ఒక లీటరో, రెండు లీటర్లో. ఏదో ఒకటి దొరికితే దాన్ని పట్టుకుందామని.

ఈ సంగతి ఐటీఐలో మొదటి ఏడే చెబుతారు. బండి గేర్‌లో ఉండగా దిగుడులో కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఆ సమయంలో పంపు డీజిల్ పంపడం మానేస్తుంది. ఇంజన్ కూడా బండిని వెనక్కి లాగిపట్టి, బ్రేకుల మీద భారం తగ్గిస్తుంది. న్యూట్రల్ చేస్తే ఆ పట్టూ పోతుంది, ఇంజన్ ఊరికే తిరుగుతూ ఉండడానికి డీజిల్ కూడా కావాలి. బీచుపల్లి లాంటి చిన్న దిగుడులో ఇంజన్ ఆపి దొర్లిస్తే కొంత మిగలవచ్చు. నిలువుగా దిగే ఘాట్‌లో మిగలదు. బీచుపల్లి దగ్గర అతని పక్కన కూర్చున్న రోజు ఇదంతా నాకు తెలుసు. రెండు ముక్కలు చెబితే సరిపోయేది.

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేకపోయాను.

“ఏం మిగలదు ఖాజా. గేర్‌ల దిగితె పంపు డీజిలే ఇయ్యదు. న్యూట్రల్‌లనే జర ఎక్కువ తాగుతది” అన్నాను.

అతను చేతిలో ఉన్న ట్యూబును కింద పెట్టాడు. రహమత్‌బీ పల్లికాయ ఒలవడం ఆపింది.

“మీకు గప్పుడే ఎరుకనా సాబ్?” అన్నాడు ఖాజా.

“ఎరుకే” అన్నాను.

అతను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. రహమత్‌బీ లేచి వచ్చి, నా ముందున్న చాయ్ గ్లాసు, సగం ఉన్నది ఉన్నట్టే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను అరుగు దిగి చెప్పులు వేసుకున్నాను. ఆగమని ఎవరూ అనలేదు.